నాన్నకు శిక్ష వేయించిన తలకట్టు

మా నాన్న మీద ఉన్న సాక్ష్యమంతా కూడదీస్తే తేలేది ఒక్క మనిషి మాట. హ్యాండ్‌రైటింగ్ ఎక్స్‌పర్ట్ మాట. నాన్న డబ్బు తీస్తుంటే చూసినవాళ్లు లేరు, ఆ డబ్బు మా ఇంటికో బ్యాంకు ఖాతాకో చేరినట్టు చిన్న కాగితం ముక్క లేదు, అయినా రెండేళ్ల కఠిన శిక్ష పడింది. తర్వాత అప్పీల్లో కేసు కొట్టేశారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో, ఏ కాగితంలో ఏం దొరికిందో, ఏం అడిగితే ఏం బయటపడిందో రాస్తున్నా. ఎందుకంటే ఇలాంటి రిపోర్ట్ చేత్తో పట్టుకుని ఏం చేయాలో తెలీక కూర్చున్నవాళ్లు కోర్టు వరండాలోనే మాకు చాలామంది కనబడ్డారు.

నాన్న ఒక పొదుపు సహకార సంఘంలో గుమాస్తా. సభ్యులు దాచుకున్న డబ్బు వెనక్కి తీసుకోవాలంటే వోచర్ మీద సంతకం పెట్టాలి, నాన్న దాన్ని రిజిస్టర్‌లో ఎక్కించి లోపలికి పంపుతారు, సెక్రటరీ సంతకం చేస్తాడు, క్యాషియర్ డబ్బు ఇస్తాడు. ఆడిట్‌లో పన్నెండు వోచర్లు తేడా కొట్టాయి. ఆ సంతకాలు మావి కావని సభ్యులు చెప్పారు. అది నిజమే, మేం ఎప్పుడూ కాదనలేదు. మరి ఎవరు పెట్టారు? వోచర్లు నాన్న బల్ల మీదుగా వెళ్తాయి కాబట్టి వేలు ముందు ఆయన వైపే చూపించింది. అరెస్టు, రిమాండ్, బెయిల్, సస్పెన్షన్ ఆర్డర్ వరసగా వచ్చి పడ్డాయి. ఆ రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అందరికీ ఒకేలా ఉంటాయి.

అసలు కథ నమూనా సంతకాల దగ్గర మొదలైంది. స్టేషన్‌లో నాన్నను కూర్చోబెట్టి, ఆ సభ్యుల పేర్లు తెల్లకాగితాల మీద మళ్లీ మళ్లీ రాయించారు. ఇద్దరు మధ్యవర్తుల సంతకాలతో పంచనామా రాసుకున్నారు. ఆరు కాగితాలు. వాటికి ఎస్-1 నుంచి ఎస్-6 అని నంబర్లు వేశారు, వోచర్ల మీద సంతకాలకు క్యూ-1 నుంచి క్యూ-12. ఎస్ అంటే నమూనా, క్యూ అంటే వివాదంలో ఉన్నది. ఇవి కాక 'ఏ' (ఇంగ్లిష్ అక్షరం) అంటే కేసుకి ముందే ఆ మనిషి మామూలుగా రాసినవి, వాటి గురించి తర్వాత చెప్తా, ఎందుకంటే మా కేసులో పోలీసులు ఒక్క 'ఏ' కాగితం కూడా పంపలేదు.

రాయను పో అని నాన్న మొండికేయొచ్చు కదా అని మా బాబాయి ఇప్పటికీ అంటుంటాడు. ఉపయోగం ఉండేది కాదు. చేతిరాత నమూనా ఇవ్వడం తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందకి రాదని సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల బెంచ్ 1961లోనే కథీ కాలూ ఓఘడ్ కేసులో తేల్చేసింది. మేజిస్ట్రేట్ ఆర్డరిచ్చి నమూనాలు తీసుకునే దారి కూడా ఉంది, దాని కోసం 2005 సవరణలో సీఆర్‌పీసీకి, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టానికి, 311ఎ సెక్షన్ కలిపారు. మా కేసులో ఆ దారి తొక్కలేదు, స్టేషన్‌లోనే కానిచ్చేశారు. (నేను రాసే సెక్షన్లన్నీ పాత నంబర్లు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి, మా కేసు పాత చట్టం కిందే నడిచింది.)

తర్వాత ల్యాబ్ నుంచి రిపోర్ట్ వచ్చింది. పేజీన్నర. "ఎస్ గుర్తు ఉన్న రాతలు రాసిన వ్యక్తే క్యూ గుర్తు ఉన్న సంతకాలు కూడా రాశాడు" అని ఒక్క వాక్యం, దాని కింద పోలికల పేరుతో నాలుగైదు మాటలు: అక్షరాల వాలు, తలకట్టు చివర పైకి లేచే తీరు, క్రావడి కింద సున్నా చుట్టే తీరు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం. తేడాల గురించి ఒక్క ముక్క లేదు.

ట్రయల్ ఏళ్ల తరబడి సాగింది. వాయిదా మీద వాయిదా. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి సంతకం మాది కాదన్నారు, ఎవరు పెట్టారో తెలీదన్నారు. సెక్రటరీ, క్యాషియర్ సాక్షులుగా వచ్చి తమకేమీ తెలీదన్నారు. ఎక్స్‌పర్ట్ పదకొండో సాక్షి. ఆయన వచ్చిన రోజు నేను కోర్టులోనే ఉన్నా. బూట్లు, ఫైలు, ఇంగ్లిష్, ఎన్నేళ్ల సర్వీసు, ఎన్ని వేల డాక్యుమెంట్లు చూశారు, ఇవన్నీ చీఫ్‌లో, అంటే పిలిపించిన పక్షం వేసే ప్రశ్నల్లో, చెప్పించారు. ఆ తర్వాత మా అప్పటి లాయర్ గారు క్రాస్‌కి, అంటే ఎదుటి పక్షం ప్రశ్నలు వేయడానికి, లేచారు. ఆ క్రాస్ సర్టిఫైడ్ కాపీ నా దగ్గర ఉంది, అర పేజీ కూడా లేదు, అందులో ఆ సాక్షి జవాబులు ఇవే: నేను సరిగా పరీక్షించలేదనడం నిజం కాదు. పోలీసులు చెప్పినట్టు రిపోర్ట్ ఇచ్చాననడం నిజం కాదు. నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు. అంతే. కోర్టులు తెలిసినవాళ్లకి ఈ పద్ధతి తెలుసు, దీన్ని సజెషన్ వేయడం అంటారు. సాక్షి కాదంటాడు, రాసుకుంటారు, దిగిపోతాడు. తలకట్టు గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ లాయర్ గారు చెడ్డవారని కాదు, రిపోర్ట్‌లో అడగడానికి ఏముందో ఆయన వెతకలేదు. సైన్స్ వాళ్లతో మనకెందుకు అన్నట్టు పక్కకి తప్పుకున్నారు.

తీర్పు రోజు గురించి ఒక మాట, ఎవరికైనా పనికొస్తుంది. శిక్ష మూడేళ్ల లోపయి, ముద్దాయి అప్పటికే బెయిల్ మీద ఉంటే, అప్పీల్ వేసుకునేదాకా శిక్ష వేసిన కోర్టే దాన్ని ఆపి బెయిల్ ఇవ్వొచ్చు, 389(3) సెక్షన్. కానీ ఆ పిటిషన్, జామీనుదారులు, వాళ్ల కాగితాలు అదే రోజు చేతిలో ఉండాలి, లేకపోతే సాయంత్రం నేరుగా జైలుకే. మాకు ఎవరూ ముందు చెప్పలేదు. కోర్టు గుమాస్తా ఒకాయన జాలిపడి చెబితే మా బాబాయి పరిగెత్తి ఇద్దరిని పట్టుకొచ్చాడు. ఆ కాసేపు నాన్న పోలీసుల మధ్య బెంచీ మీద కూర్చుని ఉన్నారు, నన్ను పిలిచి అమ్మకు బీపీ మాత్ర వేశావా అని అడిగారు. ఇంకేం మాట్లాడలేదు.

కోర్టు కంటే కష్టమైంది బయట. "ల్యాబ్ వాళ్లు ఊరికే చెప్తారా?" ఈ మాట చుట్టాలన్నారు, నాన్నతో కలిసి పాతికేళ్లు పనిచేసినవాళ్లన్నారు. ఎదురుగా అనలేదు, మా చెవిన పడేలా అన్నారు. నాకు అన్నిటికంటే భయం వేసింది మాత్రం ఒక రాత్రి నాన్నే ఆ మాట అన్నప్పుడు. "ఒకవేళ పని ఒత్తిడిలో నేనే ఎప్పుడైనా పెట్టేశానేమోనమ్మా, గుర్తులేదేమో" అన్నారు. పన్నెండు మంది సంతకాలు ఆదమరిచి ఎవరు పెడతారు నాన్నా అని గట్టిగా అరిచేశా. సైన్స్ పేరుతో ఒక మాట పదేపదే చెబితే మనిషి తన జ్ఞాపకాన్ని తానే అనుమానించే దాకా వెళ్తాడు, అది నేను కళ్లారా చూశా.

అప్పీల్‌కి వేరే లాయర్‌ని పెట్టుకున్నాం, ఒక మేడమ్. ఆవిడ మొదట ఫీజు మాట్లాడలేదు, కేసు మెరిట్ ఎలా ఉందో కూడా చెప్పలేదు. రికార్డు మొత్తం కాపీలు తీయించండి అన్నారు. తీర్పు, సాక్ష్యాలే కాదు, ల్యాబ్‌కి పోలీసులు రాసిన లెటర్, పంచనామా, ఆరు నమూనా కాగితాలు, ల్యాబ్ తీసిన ఫొటో చార్టులు, అన్నీ. సెషన్స్ కోర్టులో అప్పీల్‌కి 30 రోజుల గడువు, కాపీ కోసం పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు కాబట్టి తీర్పు కాపీకి వెంటనే అప్లికేషన్ పెట్టడం ముఖ్యం. మిగతావి తర్వాత మెల్లగా తెచ్చుకున్నాం. ఫొటో చార్టులకు అసలు ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు సాక్ష్యంగా, నంబర్ కూడా పడలేదు, రిపోర్ట్ వెనకాల కవర్లో పడి ఉన్నాయి.

ఆ చార్టులే మా నాన్నను కాపాడాయి.

నేను ప్రైమరీ స్కూల్లో చిన్నపిల్లలకు చెబుతా. రోజూ కట్టలకొద్దీ కాపీ రాతలు దిద్దుతా. అందుకేనేమో, ఆ ఆరు కాగితాలు వరసగా నేల మీద పరిచి చూసినప్పుడు నాకు అక్షరాలే కనబడ్డాయి. ఎస్-1లో తలకట్టు నాన్నది. చిన్నగా, గుండ్రంగా, అక్షరానికి అతుక్కుని ఉంటుంది, చిన్నప్పట్నుంచి నా ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన రాతే. ఎస్-2 కూడా అంతే. ఎస్-3 దగ్గర కొద్దిగా సాగింది. ఎస్-4లో చివర పైకి లేచింది. ఎస్-5, ఎస్-6 వచ్చేసరికి పొడుగ్గా, వాలుగా, కొక్కెంలా తిరిగి ఉంది, అచ్చం వోచర్లలో ఉన్నట్టే. ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో రాసిన ఆరు కాగితాల్లో తలకట్టు అలా మెట్లు మెట్లుగా ఎందుకు మారుతుంది?

నాన్నని అడిగా. "మొదట రాసినవి చూసి రాయించిన పోలీసాయన ఇలా కాదన్నాడమ్మా, వోచర్ ముందు పెట్టి దీన్ని చూసి ఇలాగే రాయి అన్నాడు. నాలుగోది కూడా నచ్చలేదు" అన్నారు. ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, ఎవరూ అడగలేదు, అది తప్పని నాకేం తెలుసు, పోలీసులు రాయమన్నారు రాశాను అన్నారు. నమూనా తీసుకునేటప్పుడు వివాదంలో ఉన్న సంతకాన్ని ఆ మనిషికి చూపించకూడదు, అది ఈ విద్యలో మొదటి పాఠం. చూసి రాస్తే రాత దానికి దగ్గరవుతుంది, అప్పుడు పోలిక రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇంకోటి. చార్టుల్లో క్యూ సంతకాల పక్కన పెద్దవి చేసి అతికించిన నాన్న రాతలన్నీ ఎస్-5, ఎస్-6 లోవే. ఎస్-1, ఎస్-2 నుంచి ఒక్క ఫొటో లేదు.

మేడమ్ చార్టులు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక పని చెప్పారు: కేసుకి ముందు నాన్న రాసినవి ఎన్ని దొరికితే అన్ని తెమ్మన్నారు. లీవ్ లెటర్లు, బ్యాంకు ఫారాలు, ఇంటి పద్దుల పుస్తకాలు, మా అక్క పెళ్లికి రాసిన సామాన్ల లిస్టు. అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసిన పద్దుల పుస్తకాల్లో ఏళ్ల తరబడి రాత ఉంది, అన్నిట్లో అదే గుండ్రటి తలకట్టు.

ప్రైవేటు ఎక్స్‌పర్ట్ కోసం తిరగడం వేరే కథ. ఒకాయన కాగితాలు చూడకుండానే "అనుకూలంగా ఇస్తాం" అన్నాడు, ఆ మాట వినగానే లేచి వచ్చేశాం. చివరికి ఈ పనిలోనే రిటైరైన ఒక పెద్దాయన దొరికారు. వారాల తరబడి చూసి, "ఇవి మీ నాన్న రాయలేదని నేను రాసివ్వలేను" అన్నారు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆయన ఆగి, "రాశాడని కూడా ఎవరూ రాసివ్వలేరు. ఇంకొకరి సంతకాన్ని చూసి దించేవాడు తన రాత రాయడు, వాళ్ల రాత బొమ్మ గీస్తాడు. సంతకం దొంగదని చెప్పగలం. దించినవాడెవడో అందులోంచి తేల్చడం సాధారణంగా కుదరదు" అన్నారు. నేను డీలాపడి బయటికొచ్చా, మేడమ్ మాత్రం ఎగిరి గంతేశారు. ఈ మాటే కావాలి, ఇలా చెప్పేవాడినే జడ్జి నమ్ముతాడు అన్నారు. ఆవిడ అంచనాయే నిజమైంది. తెలీదని చెప్పగలిగిన ఎక్స్‌పర్ట్ దొరకడం మా అదృష్టం, ఆ రంగంలో అలాంటివాళ్లు ఎక్కువ ఉంటే మా ఇంట్లో ఆ ఏళ్లు వేరేలా గడిచేవి.

ఈలోగా నేను చదవడం మొదలుపెట్టా, నిద్ర పట్టక. ఫ్రాన్స్‌లో 1894లో డ్రైఫస్ అనే సైనికాధికారిని గూఢచారి అని ముద్రవేసి దీవికి పంపారు, ఆయనకి ఇద్దరు చిన్నపిల్లలు. ప్రధాన సాక్ష్యం ఒక ఉత్తరంలో చేతిరాత. దాని మీద బెర్తియోన్ సాక్ష్యం చెప్పాడు. నేరస్థుల్ని శరీర కొలతలతో గుర్తుపట్టే పద్ధతితో పేరు తెచ్చుకున్నవాడే తప్ప చేతిరాతలో నిపుణుడు కాదు. రాతలో పోలికలు ఉన్నచోట రాసింది డ్రైఫసే అన్నాడు, తేడాలు ఉన్నచోట దొరక్కూడదని తన రాతను తానే మార్చి రాశాడన్నాడు. ఎటు తిరిగినా దొంగే! పాయింకారే లాంటి గణిత శాస్త్రజ్ఞులు 1904లో ఆ లెక్కలన్నీ తప్పులతడక అని రిపోర్ట్ ఇచ్చారు, 1906కి గానీ ఆయన నిర్దోషిగా బయటపడలేదు. అసలు రాసింది ఎస్తర్‌హాజీ అనే వేరే అధికారి. ఇది చదువుతుంటే మా రిపోర్ట్‌లో తేడాల గురించి ఒక్క మాట ఎందుకు లేదో అర్థమైంది. తేడాని లెక్కలోకి తీసుకోకపోతే పోలిక ఎప్పుడైనా దొరుకుతుంది.

తల్లిదండ్రుల కేసులు చదివినప్పుడు ఇంకా కష్టంగా ఉండేది. బ్రిటన్‌లో శాలీ క్లార్క్ అనే తల్లి ఇద్దరు పసిపిల్లలు పోయాక, ఒకే ఇంట్లో రెండు మరణాలు సహజంగా జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటని డాక్టర్ సాక్ష్యం చెప్పాడు, 1999లో ఆవిడకి యావజ్జీవం పడింది. రెండు మరణాలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదన్నట్టు రెండు అంకెల్ని గుణించేశాడు, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఇది తప్పని బహిరంగంగా చెప్పింది. 2003లో ఆవిడ విడుదలైంది. ఆస్ట్రేలియాలో క్యాథ్లీన్ ఫోల్బిగ్ తన పిల్లల్ని చంపిందన్న నేరం మీద 2003 నుంచి 2023 దాకా జైల్లో ఉంది, ఆవిడ కూతుళ్లలో గుండెకు సంబంధించిన జన్యు మార్పు ఉందని శాస్త్రవేత్తలు తేల్చాక క్షమాభిక్ష వచ్చింది. వాళ్లతో పోలిస్తే మాది చిన్న కేసు, అది నాకు తెలుసు.

మాకు నేరుగా పనికొచ్చింది 2006లో వచ్చిన ఒక పరిశోధన. ఇటియెల్ డ్రోర్ అనే ఆయన బృందం ఐదుగురు వేలిముద్రల నిపుణులకు, వాళ్లే కొన్నేళ్ల క్రితం సరిపోయాయని చెప్పిన ముద్రల్నే మళ్లీ ఇచ్చింది, ఆ సంగతి చెప్పకుండా, ఇవి తప్పుగా కలిపేసిన ప్రముఖ కేసులోవి అని చెప్పి. ఐదుగురిలో నలుగురు తమ పాత మాట మార్చేశారు. ముద్రలు అవే, కళ్లు అవే, ముందు చెవిలో పడిన మాట వేరు. మా కేసులో పోలీసుల లెటర్‌లో మొదటి పేరాలోనే "ముద్దాయి సభ్యుల సంతకాలు ఫోర్జరీ చేసి డబ్బు వాడుకున్నాడు" అని కథంతా ఉంది, ఆ తర్వాతే దయచేసి అభిప్రాయం తెలపగలరు అని.

మన సుప్రీంకోర్టు ఈ విషయం ఎప్పుడో చెప్పింది. మగన్ బిహారీ లాల్ కేసులో 1977లో, వేరే బలమైన ఆధారం లేకుండా చేతిరాత నిపుణుడి అభిప్రాయం ఒక్కదాని మీద శిక్ష వేయడం క్షేమం కాదని. 1980లో మురారీ లాల్ కేసులో కాస్త సర్ది, వేరే ఆధారం ఉండి తీరాలన్న రూలేమీ లేదు గానీ జాగ్రత్తగా చూడాలి, నిపుణుడు చెప్పిన కారణాల్ని తరచి చూడాలి అంది. మా ట్రయల్ కోర్టు తీర్పులో ఈ రెండో కేసు పేరు ఉంది కూడా, రూలేమీ లేదన్న సగం వరకే.

అప్పీల్లో కొత్త సాక్ష్యం మామూలుగా తీసుకోరు. న్యాయం కోసం అవసరం అనిపిస్తే తీసుకోవచ్చని 391 సెక్షన్ చెబుతుంది. ఎక్స్‌పర్ట్‌ని మళ్లీ పిలవాలని, మా పెద్దాయన్ని డిఫెన్స్ సాక్షిగా విచారించాలని, నాన్న పాత రాతలు తీసుకోవాలని ఆ సెక్షన్ కింద పిటిషన్ వేశాం. ట్రయల్‌లో నిద్రపోయి ఇప్పుడు లోపాలు పూడ్చుకుంటున్నారని ప్రాసిక్యూటర్ గట్టిగానే వాదించారు, నిజం చెప్పాలంటే ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. చార్టులు కోర్టు రికార్డులోనే మొదట్నుంచీ ఉన్నాయి, మేం కొత్తగా పుట్టించలేదు అని మేడమ్ చూపించాక పిటిషన్ అలౌ అయింది.

రెండోసారి క్రాస్ దాదాపు పూటంతా సాగింది. మేడమ్ ఒక్క సజెషన్ కూడా వేయలేదు, గొంతు కూడా పెంచలేదు. ఎస్-1 చేతికిచ్చి తలకట్టు ఎలా ఉందో చెప్పండి అన్నారు. గుండ్రంగా, పొట్టిగా అన్నాడు. ఎస్-6 ఇచ్చారు. పొడుగ్గా, చివర పైకి లేచి. ఈ తేడా రిపోర్ట్‌లో రాశారా? రాయలేదు. ఎందుకు? సహజమైన మార్పు అనుకున్నాను. చార్టులోకి ఎస్-1, ఎస్-2 ఎందుకు తీసుకోలేదు? క్యూ సంతకాలతో పోల్చడానికి ఎస్-5, ఎస్-6 అనువుగా ఉన్నాయి. ఈ జవాబు చెప్పాక కోర్టు హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, చెప్పినాయనకి కూడా అప్పుడే అర్థమైనట్టుంది.

క్యాషియర్, సెక్రటరీ నమూనాలు మీకు పంపారా? లేదు. అడిగారా? అడగలేదు. కేసుకి ముందు రాసిన రాతలు కావాలని అడిగారా? లేదు. పన్నెండిట్లో కొన్ని వోచర్ల ఒరిజినల్స్ లేవు, మీకు వచ్చింది జిరాక్సులు, జిరాక్సులో కలం ఒత్తిడి, కలం ఎత్తిన చోటు కనబడతాయా? సరిగా కనబడవు. మరి వాటి మీద కూడా అదే అభిప్రాయం ఎలా ఇచ్చారు? మిగతావాటితో కలిపి చూశాను. తలకట్టు అలా సాగదీసి రాసేవాళ్లు ఇంకెవరూ ఉండరా? ఉండొచ్చు. ఎంతమంది ఉంటారో లెక్క ఏమైనా ఉందా? లేదు.

చివరికి అసలు ప్రశ్న. చూసి దించిన సంతకంలోంచి దించినవాడిని గుర్తుపట్టవచ్చా? ఆయన చాలాసేపు ఆగి, చాలా సందర్భాల్లో కష్టం అన్నాడు. అప్పుడు జడ్జి గారే తలెత్తి, మరి ఇక్కడ ఎలా చెప్పారండీ అని అడిగారు. అనుభవంతో చెప్పానండి అన్నాడు.

ఆ ఎక్స్‌పర్ట్ మీద నాకు కోపం లేదంటే అబద్ధం. కానీ ఆయన కావాలని అబద్ధం చెప్పాడని నేను అనుకోను. ఆయనకి ఇచ్చిన ప్రశ్నే తప్పు, ఈ పని నావల్ల కాదు అని వెనక్కి పంపే అలవాటు ఆ ఆఫీసులో ఉన్నట్టు లేదు. వచ్చిన ప్రతి కవర్‌కీ ఒక జవాబు వెళ్లాలి. జవాబు అవుననో కాదనో ఉంటే పోలీసులకి, కోర్టుకి పని సులువు.

తీర్పులో జడ్జి గారు నమూనాలు తీసుకున్న పద్ధతి నమ్మదగ్గట్టు లేదని, నిపుణుడి అభిప్రాయానికి కారణాలు లేవని, తోడుగా వేరే ఆధారం ఒక్కటీ లేదని రాసి శిక్ష రద్దు చేశారు. కట్టిన జరిమానా వెనక్కివ్వమన్నారు. నాన్న ఆ కాపీ చదివి, అందులో నిర్దోషి అన్న మాట ఎక్కడుందో చూపించమన్నారు. నేరం రుజువు కాలేదు అని ఉంది గానీ ఆ మాట లేదు. మేడమ్ ఎంత సర్దిచెప్పినా ఆ లోటు ఆయనకి అలాగే ఉంది. అసలు సంతకాలు పెట్టినవాడెవడో ఎవరూ వెతకలేదు, ఇప్పుడిక వెతకరు. ఆ సభ్యుల డబ్బు కూడా అలాగే పోయింది, ఈ మాట ఎవరికీ గుర్తుండదు.

నష్టపరిహారం వస్తుందా అని అడిగేవాళ్లకి: తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకి పరిహారం ఇచ్చే చట్టం ఉండాలని లా కమిషన్ 2018లో తన 277వ రిపోర్ట్‌లో సిఫార్సు చేసింది. అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు. విడిగా కోర్టుకెళ్లి పోరాడాలి, అంత ఓపిక ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఉద్యోగం సంగతీ తేలలేదు. నాన్న వయసు ఈలోగా రిటైర్‌మెంట్ దాటిపోయింది కాబట్టి తిరిగి చేరే ప్రశ్న లేదు, గ్రాట్యుటీ, సస్పెన్షన్ కాలం జీతం రావాలి. కోర్టులో కేసు కొట్టేస్తే అవన్నీ వాటంతటవే వస్తాయనుకున్నాం. సంఘం వాళ్లు శాఖాపరమైన విచారణ వేరు, దానికీ కోర్టు తీర్పుకీ సంబంధం లేదంటున్నారు. ఆ విచారణ ఫైల్లో మొదటి కాగితం అదే పేజీన్నర రిపోర్ట్. దానికి జవాబుగా ఎక్స్‌పర్ట్ రెండో క్రాస్ మొత్తం, ఎస్-1, ఎస్-6 పక్కపక్కన పెట్టిన ఫొటోలు జతచేసి ఇచ్చాం. విచారణాధికారి వాటిని పరిశీలించి, వీటి మీద అభిప్రాయం కోసం హ్యాండ్‌రైటింగ్ ఎక్స్‌పర్ట్‌కి పంపుతామన్నారు. వద్దని మేడమ్ అభ్యంతరం రాసిచ్చారు, దాని మీద వాయిదా వచ్చే నెలలో ఉంది.